తలుపు మీద స్వాధీన నోటీసు: గవర్నర్‌పేటలోని ఒక ప్లీడరు గారి ఆఫీసుతో మా అనుభవం

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ మునిగినప్పుడు మా కిరాణా కొట్లోని సరుకంతా నీళ్లపాలైంది. ఇంటి లోను ఈఎంఐలు వరసగా తప్పాయి. బాకీ 90 రోజులు దాటేసరికి బ్యాంకువారు మా ఖాతాను ఎన్‌పీఏ (మొండి బాకీ) చేసి, కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల గడువుతో డిమాండ్ నోటీసు పంపారు; గడువు ముగిశాక ఒక మధ్యాహ్నం వచ్చి తలుపు మీద స్వాధీన నోటీసు అతికించి వెళ్లారు.

మేము మొదట ఆశ్రయించిన వకీలు గారు సివిల్ కోర్టులో ఇంజంక్షన్ (బ్యాంకును ఆపే ఉత్తర్వు) తెస్తానని మూడు వారాలు తిప్పారు. ఆ మూడు వారాలు మాకు ఎంత విలువైనవో గవర్నర్‌పేట ఆఫీసుకు వెళ్లాకే తెలిసింది. "అమ్మా, సర్ఫేసీ చట్టంలో 34వ సెక్షన్ ఉండగా ఈ దావాను సివిల్ కోర్టు తీసుకోదు. మీరు వెళ్లవలసింది విశాఖపట్నంలోని డీఆర్‌టీకి, అంటే బ్యాంకు బాకీల కేసులు చూసే ట్రిబ్యునల్‌కు. దానికి 45 రోజులే గడువు" అని ప్లీడరు గారు కూర్చున్న పది నిమిషాల్లోనే చెప్పారు. గుమాస్తా గారు నా ఫోనులో తలుపు ఫోటోను పెద్దది చేసి, నోటీసు కింద సంతకం పక్కనున్న తేదీ చదివి, గోడ క్యాలెండరులో 45వ రోజు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. అప్పటికి మిగిలినవి 19 రోజులు.

ఆ తరువాత ప్రతి కాగితమూ మా చేత బల్ల మీద పరిచి పెట్టించారు. డిమాండ్ నోటీసుకు మా వారు తెల్లకాగితం మీద స్వయంగా రాసి పంపిన అభ్యంతరానికి, బ్యాంకువారికి అందినట్టు వచ్చిన పోస్టు కార్డు నా సంచిలో మడతపడి ఉంది. అలాంటి అభ్యంతరానికి 15 రోజుల్లో కారణాలతో జవాబివ్వాలని చట్టంలో ఉందని, మాకు ఆ జవాబు రానే లేదని గుర్తించింది ప్లీడరు గారే. మా పిటిషన్‌కు అదే ప్రాణమైంది.

ఆయన లేనిపోని ఆశ పెట్టరు. ఒకప్పుడు ట్రిబ్యునల్ గడప తొక్కాలంటే బాకీలో 75 శాతం ముందే కట్టాలన్న షరతు ఉండేదని, 2004లో మార్డియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసిందని, అయినా స్టే ఇచ్చేటప్పుడు కొంత కట్టమనడం మామూలేనని ముందే హెచ్చరించారు. అలాగే జరిగింది, నా గాజులు తాకట్టు పెట్టి కట్టాము. వేలం ప్రకటన పత్రికలో పడితే, 2016 సవరణ తరువాత, మొత్తం బాకీ కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు కూడా పోతుందని ఆయన చెప్పకపోతే మేము ఇంత తొందరపడేవాళ్లం కాము.

లోపం ఒకటి చెప్పాలి. ఫీజు మొదటే చెప్పారు గానీ, విశాఖ వాయిదాల ప్రయాణ ఖర్చులు విడిగా ఉంటాయని చెప్పలేదు. అప్పుల్లో ఉన్న మనిషికి ఆ రెండు మూడు వేలూ బరువే. అడిగాక కాగితం మీద రాసిచ్చారు కనుక, వెళ్లేవారు మొదటి రోజే అడగండి.

కేసు ఇంకా నడుస్తోంది, ఇంట్లో మేమే ఉంటున్నాము. సాయంత్రం ఆరు దాటాక వెళితే ప్లీడరు గారు తీరికగా కూర్చుని స్వయంగా చూస్తారు. పోస్టు కవర్లు, రసీదులు ఒక్కటి కూడా పారేయకుండా తీసుకువెళ్లండి.