నాలుగు రంగులదా, ఆరు రంగులదా? ఇంట్లో సబ్లిమేషన్‌కు ఏ ప్రింటరు, ఏ ఇంకు మేలు?

సబ్లిమేషన్ అంటే ప్రత్యేకమైన ఇంకుతో కాగితం మీద తీసిన బొమ్మను వేడి ప్రెస్సులో పెట్టి మగ్గుకో టీషర్టుకో ఎక్కించడం. ఇంటి దగ్గర ఇలా మగ్గులు, టీషర్టుల ప్రింటింగ్ మొదలుపెట్టాలనుకునేవారు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: ఎప్సన్‌లో నాలుగు రంగుల ఎల్3210 తీసుకోవాలా, కాస్త ఎక్కువైనా ఆరు రంగుల ఎల్8050కి వెళ్లాలా? ప్రింటరు గురించి అరగంట మాట్లాడి, ఫోను పెట్టేసేముందు మాత్రం "ఇంకు ఏదో ఒకటి పోసుకోవచ్చు కదండీ" అంటారు. ఖమ్మంలో మా ఇంటి ముందుగదిలో నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్నాను. మొదట ఎల్130, తరువాత ఆరు రంగుల ఎల్805 వాడి, ఈమధ్యే మళ్లీ నాలుగు రంగుల ఎల్3210 కొన్నాను. నన్నడిగితే ముందు తేల్చుకోవలసింది ఇంకు. దానికి తగ్గ ప్రింటరును చూసుకోవడం ఆ తరువాతి పని.

పోటీలో లేనివాటిని ముందే పక్కన పెడదాం. హెచ్‌పీ, కెనాన్ ఇంకుట్యాంకు ప్రింటర్లు ఇంకును హెడ్డులోనే (కాగితం మీద ఇంకు చల్లే భాగంలోనే) వేడిచేసి బుడగతో బయటికి తోస్తాయి. వేడి తగిలితే ఆవిరయ్యే రంగును అలాంటి హెడ్డులో పోయడం కోరి చిక్కు తెచ్చుకోవడమే. ఎప్సన్ హెడ్డు వేడితో పని లేకుండా పియెజో స్ఫటికాల కదలికతో చుక్కను విసురుతుంది కాబట్టే ఈ రంగంలో అందరూ దాని చుట్టూ తిరుగుతారు. బ్రదర్‌వి కూడా పియెజో హెడ్లే కానీ, వాటికి సరిపడే ఇంకు ప్రొఫైళ్లు (రంగులు సరిగ్గా రావడానికి వాడే లెక్కల ఫైళ్లు) వెతుక్కోవడం కష్టం. లేజరు ప్రింటరు ఈ పనికి కాదు.

ఆరు రంగుల ప్రింటరులో మామూలు నాలుగింటితో (సయాన్ అనే నీలం, మజెంటా అనే గులాబీ, పసుపు, నలుపు) పాటు లేత సయాన్, లేత మజెంటా ఉంటాయి. నాలుగు రంగుల యంత్రం ముఖఛాయలోని లేత భాగాలను ముదురు చుక్కలను దూరదూరంగా చల్లి చూపిస్తుంది కాబట్టి, ఫొటో కాగితం మీద దగ్గరగా చూస్తే బుగ్గ మీద ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది. ఆరు రంగులది అదే చోట లేత చుక్కలను దగ్గరదగ్గరగా వేసి ఆ గరుకుతనాన్ని పోగొడుతుంది. ఫొటోలు అచ్చువేసేవారికి ఇది నిజంగా పెద్ద తేడా. మన పనిలో మాత్రం రంగు కాగితం మీదే ఉండిపోదు. ప్రెస్సులో ఆవిరై మగ్గు మీద ఉండే ప్రత్యేకమైన పూతలోకి చేరేటప్పుడు ప్రతి చుక్కా వెంట్రుకవాసి విప్పారుతుంది, దాంతో పక్కపక్క చుక్కల అంచులు కలిసిపోయి గరుకు సగం అక్కడే మాయమవుతుంది. ఒకే ఫొటోను ఎల్130లోనూ ఎల్805లోనూ తీసి రెండు మగ్గులకు ఎక్కించి మా ఇంట్లోవాళ్ల ముందు పెట్టినప్పుడు, ఏది దేనిదో కళ్లజోడు తీసి దగ్గరగా పట్టుకుంటే తప్ప ఎవరూ చెప్పలేకపోయారు. టీషర్టు మీద ఆ తేడా బొత్తిగా కనిపించదు. అల్యూమినియం ఫొటోపలకలు, పెద్ద సైజు పసిపిల్లల ముఖచిత్రాలు మీ ప్రధాన వ్యాపారమైతే ఆరు రంగులు కొనడం న్యాయమే. మగ్గులు, టీషర్టులు, కీచైన్ల దగ్గర నాలుగు చాలు.

ఆరు రంగుల్లో ఇంకో తిరకాసు కూడా ఉంది, దీన్ని అమ్మేవారు చెప్పరు. లేత సయాన్ ఎంత లేతగా ఉండాలో ప్రింటరు డ్రైవరు (ప్రింటరును నడిపించే సాఫ్ట్‌వేరు) కంపెనీ సొంత ఇంకును దృష్టిలో పెట్టుకుని ముందే లెక్క వేసుకుని ఉంటుంది. బయటి ఇంకు తయారుచేసేవాడు ఆ పలుచదనాన్ని కాస్త అటూ ఇటూ చేస్తే, మిగతా నాలుగు రంగులూ సరిగ్గా ఉన్నా మనిషి ఒంటిరంగు దగ్గరే దెబ్బ తింటుంది. ప్రొఫైలుతో కొంత సర్దుకోవచ్చు కానీ పూర్తిగా కాదు. పైగా ఫొటోలు ఎక్కువగా తీసేవారికి ఆ రెండు లేత రంగులే అన్నిటికంటే ముందు ఖాళీ అవుతాయి.

ఇక ఇంకు విషయం. రెండేళ్ల క్రితం మా వెనకవీధిలో ఒక షష్టిపూర్తికి అరవై మగ్గుల ఆర్డరు వచ్చింది. దంపతుల ఫొటో, కింద పేర్లు, తేదీ. నలభై అయ్యాక నల్ల ఇంకు అడుగంటింది. నేను వాడే ఇంకు సికింద్రాబాదు నుంచి రావాలంటే రెండు రోజులు, ఫంక్షనుకు ఉన్నది ఒకే రోజు. ఊళ్లో ఒక దుకాణంలో లీటరు సీసాలోంచి ఒంపి ఇచ్చే సబ్లిమేషన్ ఇంకు తెచ్చి నాలుగు ట్యాంకులూ నింపాను. ప్రెస్సు అదే, 180 డిగ్రీలు అవే, 180 సెకన్లు అవే, మగ్గులు కూడా అదే పెట్టెలోవి. కాగితం మీద రంగులు ఎలాగూ వెలిసిపోయినట్టే ఉంటాయి కాబట్టి అనుమానం రాలేదు. ప్రెస్సు తెరిచి మొదటి మగ్గు తుడిచి చూస్తే జుట్టు ముదురు గోధుమరంగులో ఉంది, పసుపురంగు పట్టుచీర మీద ఆకుపచ్చ జీర పరుచుకుంది. వేడి ఎక్కువైతే నలుపు గోధుమరంగుకు తిరుగుతుంది కనుక అదే కారణమనుకుని, డిగ్రీలు తగ్గించి, సెకన్లు తగ్గించి ఇరవై మగ్గులూ అవగొట్టాను. తీసుకోవడానికి వచ్చిన ఆవిడ పాత మగ్గునూ కొత్త మగ్గునూ పక్కపక్కన కిటికీగట్టు మీద పెట్టి, "ఏమ్మా, మా వదినగారి తలకి గోరింటాకు పెట్టావా?" అని నవ్వేశారు. నవ్వారు కానీ ఆ ఇరవైకీ డబ్బు తీసుకోవడానికి నాకు చెయ్యి రాలేదు. పూతలోకి దిగిన రంగు ఏ సబ్బుకూ పోదు, కాబట్టి ఆ మగ్గులు ఇప్పటికీ మా ఇంట్లో పెన్నులకూ టూత్‌బ్రష్‌లకూ ఉపయోగపడుతున్నాయి. ట్యాంకుల్లో మిగిలిన ఇంకును సిరంజితో లాగేసి, గొట్టాల్లోది పోయేదాకా నిండు రంగు పేజీలు కొట్టి, పాత ఇంకుకు తిరిగి రావడానికి ఒక పూటా ఒక కట్ట కాగితమూ ఖర్చయ్యాయి.

అప్పటి నుంచి నేను ఇంకును రెండే విషయాల్లో పరీక్షిస్తాను. ఇప్పుడు కొన్న సీసాకూ ఆరు నెలల తరువాత కొనే సీసాకూ రంగు మారకూడదు. ఆ ఇంకుకు ఆ ప్రింటరు మోడలుకే తయారుచేసిన ఐసీసీ ప్రొఫైలు అమ్మేవాడు ఇవ్వాలి. కొరియా కంపెనీ ఇంక్‌టెక్ వారి సబ్లినోవా నాకు ఈ రెండిటిలోనూ సరిపోయింది కాబట్టి దానితోనే ఉన్నాను. మరొకరికి మరో కంపెనీది కుదిరి ఉంటే మార్చమని నేను అనను. సీసా మీద కంపెనీ పేరు, బ్యాచి నంబరు, గడువు తేదీ లేని ఇంకు మాత్రం ఎంత చవకైనా వద్దు.

ప్రొఫైలు అంటే అదనపు హంగు అనుకునేవారు చాలామంది ఉన్నారు. కాగితం మీద కనిపించే రంగు ఒకటి, వేడి తగిలాక మగ్గు మీద తేలే రంగు మరొకటి అయినప్పుడు, "చివరికి ఈ ఎరుపు రావాలంటే ఏ ఇంకు ఎంత వేయాలి" అన్న లెక్క ఎవరో ఒకరు కట్టి ఇవ్వాలి. ఆ లెక్క పేరే ప్రొఫైలు. అది ఫలానా ఇంకుకు, ఫలానా కాగితానికి, ఫలానా వేడికి కట్టినది కాబట్టి వాటిలో ఏది మార్చినా లెక్క తప్పుతుంది. ఫొటోషాప్‌లో రంగుల అజమాయిషీని ఫొటోషాప్‌కే అప్పగించి ప్రొఫైలును అక్కడ ఎంచుకుని, ప్రింటరు డ్రైవరులో 'నో కలర్ అడ్జస్ట్‌మెంట్' పెట్టాలి. రెండు చోట్లా సవరణ ఉంచేస్తే ముఖాలు కందగడ్డల్లా ఎర్రబడతాయి, అప్పుడు జనం తిట్టేది ఇంకునే.

మంచి ఇంకు ఖరీదు కదా అంటే, లెక్క చూడండి. ఏ4 కాగితం మీద 20 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న మగ్గు బొమ్మలు మూడు పడతాయి. నిండు రంగు ఏ4 పేజీకి నా అనుభవంలో మిల్లీలీటరుకు అటూ ఇటూగా ఇంకు పడుతుంది. మంచి ఇంకుకూ లీటరు సీసా ఇంకుకూ మిల్లీలీటరుకు ఐదు రూపాయల తేడా ఉందనుకున్నా, మగ్గుకు పడే అదనపు ఖర్చు రూపాయిన్నర, రెండు రూపాయల మధ్య. ఒక్క మగ్గు చెడిపోతే పోయేది అంతకు ఎన్నో రెట్లు. అదే ఎల్3210కీ ఎల్8050కీ ఉన్న ధరల తేడాను తీసుకెళ్లి ఇంకు మీద పెడితే, ఇంటి దగ్గర చిన్నగా చేసుకునేవారికి చాలా కాలం వస్తుంది. నేను నాలుగు రంగులకు తిరిగి వచ్చింది ఈ లెక్క చూసుకునే.

ఏ ప్రింటరైనా కంపెనీ ఇచ్చిన మామూలు ఇంకు పోయకముందే, కొత్తగా ఉన్నప్పుడే సబ్లిమేషన్ ఇంకు నింపండి, గొట్టాలు కడిగే బాధ తప్పుతుంది. బయటి ఇంకు పోశారు కనుక వారంటీ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. ఈ రంగు నీళ్లలో కరిగేది కాదు, సన్నటి రేణువులుగా తేలుతూ ఉండేది. అందుకే సీసాను పోసేముందు నెమ్మదిగా నాలుగైదుసార్లు తిరగేయాలి, ప్రింటరును వారాల తరబడి ఊరికే ఉంచకూడదు. మా ఖమ్మం మే నెల ఎండకు నాలుగు రోజులు ముట్టకపోతే హెడ్డు చోక్ అయి నాజిల్ చెక్కులో (హెడ్డు రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో లేదో చూపే పరీక్ష పేజీలో) గీతలు తెగుతాయి. నేను రోజు విడిచి రోజు ఒక నాజిల్ చెక్కు తీస్తాను. ఈ విషయంలోనూ నాలుగు రంగులదే సుఖం, చూసుకోవలసిన ఇంకు దారులు రెండు తక్కువ. కోస్తాలో ఉన్నవారికి ఎండిపోవడం కన్నా చెమ్మతో తంటా ఎక్కువ. కాగితం తేమ పీల్చుకుంటే ప్రెస్సులో ఆవిరి తేలి రంగు మరకలుగా పరుచుకుంటుంది కాబట్టి, కాగితం కట్టను మూసిన కవరులోనే ఉంచుకోవాలి.

ఎప్సన్ సబ్లిమేషన్ కోసమే చేసిన ఎఫ్170 లాంటి యంత్రాలు, సాగ్రాస్ ఎస్‌జీ500 లాంటివి కూడా ఉన్నాయి. ఇంకు, ప్రొఫైలు, వారంటీ అన్నీ ఒకే చేతి నుంచి వస్తాయి, ఖరీదు కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. రోజూ ఆర్డర్లు ఉండి, యంత్రం ఒక రోజు ఆగితే నష్టపోయేవారు వాటిని చూడవచ్చు. పెద్దవారి టీషర్టుకు వీపు నిండా బొమ్మ కావాలంటే ఏ4 సరిపోదు, ఎల్18050 లాంటి ఏ3 ప్లస్ యంత్రం కావాలి. అప్పుడు ఆరు రంగులు వద్దనుకున్నా అందులో వచ్చేస్తాయి.

నెలకు పది, పదిహేను మగ్గులు మించనివారికి వీటిలో ఏదీ అవసరం లేదు. సబ్లిమేషన్ షీట్లు ప్రింటు తీసి ఏ4 లెక్కన ఇచ్చే ల్యాబులు ఉన్నాయి. డిజైను పంపి షీట్లు తెప్పించుకుని, ఇంట్లో ఒక మగ్ ప్రెస్సు పెట్టుకుంటే చాలు. ఆర్డర్లు వారానికి ఇరవై దాటడం మొదలైనప్పుడు ప్రింటరు సంగతి ఆలోచించుకోవచ్చు. అప్పుడైనా ఆ ల్యాబువారు ఏ ఇంకు వాడుతున్నారో ముందు కనుక్కోండి, మీ ఖాతాదారుల కళ్లు ఆ రంగులకే అలవాటు పడి ఉంటాయి.