చిన్న కప్పుతోనే పేచీ: ఏడాదిన్నర ఫేషియల్ కప్పింగ్ వాడకం తర్వాత

ఫేషియల్ కప్పింగ్ అంటే మెత్తటి చిన్న కప్పును నొక్కి, నూనె రాసిన ముఖం మీద ఆనించి, చర్మాన్ని పైకి లాగే ఆ పట్టుతోనే దాన్ని జరుపుకుంటూ పోవడం. ముందు కోపం సంగతి. ముఖానికి వాడే సిలికాన్ కప్పుల్లో పెద్దది బుగ్గలకు, దవడకు, నుదుటికి. చిన్నది కళ్ల కిందకి అని పెట్టె మీద బొమ్మ వేసి మరీ అమ్ముతారు. ఏడాదిన్నరగా వారానికి రెండుసార్లు వాడుతుంటే తేలింది ఇది: పెద్ద కప్పు పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది, చిన్న కప్పు చేయదు. ముఖంలో అన్నిటికన్నా పల్చటి చర్మం కంటి చుట్టూ ఉంటుంది. సెట్టులో అన్నిటికన్నా మొండిగా లాగేది ఆ చిన్న కప్పే. ఆ రెండింటికీ జత కుదిర్చినవాళ్ల మీద కోపం ఇంకా తగ్గలేదు.

కప్పు లాగేది దాని గోడ బలంతో. నొక్కిన గోడ మళ్లీ పాత ఆకారానికి రావాలని చూస్తుంది, ఆ ప్రయత్నమే చర్మాన్ని పైకి లాగుతుంది. మూతి సుమారు నాలుగు సెంటీమీటర్లుండే పెద్ద కప్పుకు గోడ తేలిగ్గా లొంగుతుంది, కాబట్టి కొంచెం నొక్కితే కొంచెం, సగం నొక్కితే సగం అన్నట్టు పట్టు దొరుకుతుంది. చిన్నదాని మూతి ఒకటిన్నర సెంటీమీటర్లే. గోడ మందం మాత్రం పెద్దదానికి ఇంచుమించు సమానం. అంత చిన్న గుండ్రానికి అంత మందం గోడ ఉంటే అది బిరుసుగానే ఉంటుంది. దాంతో మధ్యస్థమైన పట్టు దొరకదు. జారిపోతుంది, లేదా ఒక్కసారిగా అంటుకుంటుంది. కాగితంలో "మెల్లగా నొక్కండి" అని రాస్తే సరిపోదు. మెల్లగా అంటే ఎంత?

దానికి కొలత ఉంది, కప్పు పారదర్శకంగా ఉంటే. లోపలికి లేచిన చర్మం చిన్న గోపురంలా కనిపిస్తుంది. బుగ్గ మీద అది మూడు నాలుగు మిల్లీమీటర్లు దాటకూడదు, అంటే రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత ఎత్తు. కంటి కింద గోపురం కనిపించిందంటేనే పట్టు ఎక్కువైనట్టు. అక్కడ చర్మం కప్పు అంచును ఆనుకుని కదిలితే చాలు. గులాబీ రంగు, ఆకుపచ్చ రంగు కప్పులు చూడ్డానికి ముద్దుగా ఉంటాయి గానీ లోపల ఏం జరుగుతోందో కనిపించదు. అలాంటివి కొనొద్దు.

ఇక కప్పు వల్ల పడే మచ్చ సంగతి. ఇది ఎక్కడ పడుతుందో, ఎందుకు పడుతుందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే వాడే ప్రతివాళ్లకీ అదే చోట పడే అవకాశం ఉంది. కంటి లోపలి మూల నుంచి బయటి మూలకు వచ్చాక కప్పును కణతవైపు తిప్పాలి. ఆ మలుపులో చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. సరిగ్గా అక్కడే చర్మం కింద చెంప ఎముక అంచు ఉంది. బుగ్గ మీదయితే కింద మెత్తటి కండ, కొవ్వు ఉంటాయి, లాగుడును అవి పంచుకుంటాయి. ఎముక మీద పంచుకోవడానికి ఏమీ లేదు, భారమంతా చర్మంలోని సన్నటి రక్తనాళాల మీద పడుతుంది. నాలుగైదు సెకన్లు నిలిస్తే చాలు, అవి చిట్లుతాయి. పైగా కంగారులో కప్పును అలాగే పైకి పీకేస్తాం, అది రెండో దెబ్బ.

మొదటిరోజు ముదురు ఎరుపు చుక్కలతో చిన్న గుండ్రం. రెండు మూడు రోజులకు ఊదా, తర్వాత ఆకుపచ్చ, వారానికి పసుపు. తెల్లటి చర్మం మీద తీసిన వీడియోల్లో కథ అక్కడితో ముగుస్తుంది. మన చామనఛాయ చర్మంలో అంత తొందరగా ముగియదు. దెబ్బ తగిలినచోట రంగు ఎక్కువగా తయారవడం మన చర్మం స్వభావం, కాబట్టి పసుపు పోయాక గోధుమరంగు నీడ మిగులుతుంది. నాకు అది పూర్తిగా పోవడానికి పది వారాలు పట్టింది, అదీ రోజూ సన్‌స్క్రీన్ రాస్తేనే. ఎండ తగిలితే ఆ నీడ ఇంకా ముదురుతుంది. చెంపల మీద ఇప్పటికే మంగు ఉన్నవాళ్లు ఈ జోలికి పోకపోవడమే మేలు. రాపిడి, వేడి, ఎరుపు మంగుకు గిట్టవు.

ఒలింపిక్స్ ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ భుజాల మీద 2016లో అందరూ చూసిన గుండ్రాలు గుర్తున్నాయా? అవి కప్పును ఒకేచోట నిలిపితే వచ్చినవి. ఒంటి మీద చేసే పద్ధతి అది. హైదరాబాద్ పాతబస్తీలో యునాని వైద్యులు చేసే హిజామా ఇంకో రకం, అందులో చర్మానికి గాటు పెట్టి రక్తం తీస్తారు. ఆయుర్వేదంలోనూ కొమ్ముతో, సొరకాయ బుర్రతో రక్తం లాగే పద్ధతులున్నాయి. ముఖానికి చేసేది వీటిలో ఏదీ కాదు. ముఖం మీద కప్పు ఆగకూడదు. నియమం ఇదొక్కటే.

ఆగకుండా ఉండాలంటే నూనె సరిగ్గా ఉండాలి. ముఖానికీ మెడకూ కలిపి టీ స్పూనులో నాలుగో వంతు, అంటే పాతిక చుక్కల దాకా. తక్కువైతే కప్పు తట్టుకుంటూ, ఎగురుకుంటూ పోతుంది. ఎక్కువైతే అంచు పట్టు జారి "టప్" మని ఊడుతుంది. అప్పుడు చాలామంది ఇంకా గట్టిగా నొక్కుతారు, తప్పు అక్కడే. అంచు దగ్గర నూనె కొంచెం తుడుచుకుంటే పట్టు తిరిగొస్తుంది. బాదం నూనె సరైన జారుడు ఇస్తుంది. నువ్వుల నూనె కూడా బాగానే జారుతుంది, వాసన ఇష్టమైతే. ఆముదం మరీ చిక్కన, కప్పు ఈడుస్తుంది. కొబ్బరి నూనె జారుడుకు మంచిదే గానీ మొటిమలు వచ్చే చర్మానికి రంధ్రాలు పూడుతాయి. కలబంద జెల్ రెండు నిమిషాలకే ఆరిపోయి జిగురెక్కుతుంది. డైమెథికోన్, సైక్లోమెథికోన్ లాంటి సిలికాన్ పదార్థాలున్న సీరమ్‌లు రాస్తే కప్పు సిలికానే వాటిని పీల్చుకుని ఉబ్బుతుంది, ఆకారం చెడుతుంది.

వరస మెడతో మొదలవ్వాలి. కప్పుతో కాదు, చేత్తో. చెవి కింద నుంచి కాలర్ బోన్ దాకా అరచేత్తో తేలిగ్గా నాలుగైదుసార్లు కిందికి నిమరాలి. గొంతు ముందు భాగంలో, నాడి కొట్టుకునే పక్కల్లో కప్పు అసలు పెట్టకూడదు. తర్వాత పెద్ద కప్పు: గడ్డం మధ్య నుంచి దవడ అంచు వెంట చెవి దాకా, పెదవి మూల నుంచి చెవి మధ్యకు, ముక్కు పక్క నుంచి చెంప మీదుగా కణతకు. ఒక్కో గీతకు నాలుగుసార్లు, ఒక్కోసారికి మూడు నాలుగు సెకన్లు. రెండో చెయ్యి ఖాళీగా ఉండకూడదు, గీత మొదలయ్యేచోట చర్మాన్ని వేళ్లతో ఆపి పట్టుకోవాలి, లేకపోతే కప్పుతోపాటు చర్మమంతా ఈడ్చుకుపోతుంది. నుదుటికి కనుబొమల నుంచి జుట్టు వైపు. చివర్లో కప్పును లాగొద్దు, అంచు పక్కన చర్మాన్ని చిటికెన వేలితో నొక్కితే గాలి చొరబడి దానంతటదే వదులుతుంది. మొత్తం ఐదారు నిమిషాలు. అంతకుమించి చేస్తే ఎక్కువ లాభం రాదు, ఎక్కువ ఎరుపే వస్తుంది.

దవడ దగ్గర ఉన్న సుఖం వేరే. నిద్రలో పళ్లు బిగపట్టే అలవాటున్నవాళ్లకి చెవి ముందు, దవడ మూల దగ్గర కండరం రాయిలా ఉంటుంది. చేత్తో నొక్కితే నొప్పి. కప్పు అదే కండరం మీది చర్మాన్ని పైకి ఎత్తుతుంది కాబట్టి నొక్కుడు బదులు వదులు తెలుస్తుంది. నోరు కొంచెం తెరిచి, పళ్లు తగలకుండా పెట్టుకుని, పెద్ద కప్పుతో అక్కడ చిన్న చిన్న సున్నాలు చుడితే రెండు నిమిషాల్లో ఆవలింత వస్తుంది. ఈ ఒక్కదానికే పెద్ద కప్పు ఇంట్లో ఉండాలనిపిస్తుంది.

మెరుపు గురించి మొదట్లో చాలా గొప్పగా అనిపించింది. ఇప్పుడు అంత ధీమాగా చెప్పలేను. నెలరోజులపాటు కుడి బుగ్గకు కప్పు, ఎడమ బుగ్గకు అదే నూనెతో వేళ్ల మర్దన చేసి చూస్తే, పొడిదనం తగ్గడం, నునుపు, రెండువైపులా ఒకేలా ఉన్నాయి. ఆ భాగం నూనెది, కప్పుది కాదు. కప్పు వైపు అదనంగా కనిపించింది పొద్దుటి ఉబ్బు త్వరగా దిగడం, గంటో రెండు గంటలో ఉండే ఎర్రటి కళ. అది అప్పటికి చర్మంలోకి రక్తం ఎక్కువగా వచ్చినందువల్ల, మధ్యాహ్నానికి ఉండదు. ముడతలు పోతాయనడానికి గట్టి ఆధారమేమీ లేదు. నవ్వు గీతల్లో నాకు తేడా కనిపించలేదు. చర్మంలోని విషాలు బయటికి వస్తాయనే మాట నమ్మకండి, ఆ పని కాలేయం, మూత్రపిండాలు చేస్తాయి.

చేశాక సున్నిపిండితో రుద్ది నూనె తీయడం మన ఇళ్లలో సహజం. ఆరోజు మాత్రం వద్దు. అప్పటికే ఎర్రబడ్డ చర్మం మీద ఆ గరుకు పడదు. గోరువెచ్చటి నీళ్లలో ముంచిన మెత్తటి గుడ్డతో అద్దితే చాలు. త్రెడ్డింగ్, వ్యాక్సింగ్, బ్లీచ్ చేయించుకున్న రోజూ, మర్నాడూ కప్పు వద్దు. రెటినాల్ క్రీము వాడుతూ చర్మం పొట్టు లేస్తుంటే ఆ పొట్టు లేవడం తగ్గేదాకా వద్దు. చీముపట్టిన మొటిమలు, ఎగ్జిమా, రొసేషియా (ముఖం తరచూ ఎర్రబడే చర్మ సమస్య), నోటి చుట్టూ పొక్కులు ఉంటే వద్దు. రక్తం పలచబడే మందులు, అంటే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి వాడేవాళ్లకి తేలికపాటి లాగుడుకే పెద్ద మచ్చ పడుతుంది, డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు. ఫిల్లర్లు, బొటాక్స్ వేయించుకున్నవాళ్లు ఎప్పుడు చేయొచ్చో వేసినవాళ్లనే అడగాలి. గడ్డం పెంచుకున్న మగవాళ్లకి దవడ మీద పట్టు నిలవదు, వెంట్రుకల సందుల్లోంచి గాలి పోతుంది.

కడగడం చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. నీళ్లతో తొలిస్తే నూనె పోదు. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క, గోరువెచ్చటి నీళ్లు, లోపలికి వేలు పెట్టి రుద్ది, నీడలో ఆరబెట్టాలి. లోపల మిగిలిన నూనె కొన్నాళ్లకు కమురు వాసన వేస్తుంది, మళ్లీ అదే ముఖానికి. రబ్బరు బుడగ ఉన్న గాజు కప్పులకు ఈ బాధ ఇంకా ఎక్కువ: నూనె బుడగలోకి ఎక్కుతుంది, రబ్బరు నూనెకు ఉబ్బి, జిగురెక్కి, గాజు మెడ దగ్గర వదులవుతుంది. సిలికాన్‌ది కూడా శాశ్వతం కాదు. పద్నాలుగో నెలకు పెద్ద కప్పు మసకబారి వేళ్లకు అంటుకోవడం మొదలైంది, మార్చాల్సి వచ్చింది.

మళ్లీ కొనేటప్పుడు అంచు చూసుకోండి. అచ్చు రెండు ముక్కలు కలిసేచోట సన్నటి గీత మిగులుతుంది. దూది ఉండను మూతి చుట్టూ తిప్పితే, పోగులు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ గీత ఉన్నట్టు. అది వెయ్యిసార్లు బుగ్గను గీరుతుంది, అలాంటిది తిరిగి ఇచ్చేయండి.

నాది పొడిబారే చర్మం, నలభై దాటిన వయసు, మొటిమల బెడద లేదు, దవడ బిగుసుకునే అలవాటుంది. ఇవన్నీ కలిస్తేనే వారానికి రెండుసార్లు పెద్ద కప్పు బాగుందనిపిస్తోంది. జిడ్డు చర్మం, మొటిమలు ఉన్నవాళ్లకి ఇదే మాట చెప్పలేను. చిన్న కప్పు కంటి కిందకి ఇప్పుడు రాదు. కనుబొమల మధ్య, ముక్కు మొదలు దగ్గర, అదీ బాగా నూనె రాసి, ఆపకుండా పైకి రెండుసార్లు పోనిస్తున్నాను. కళ్ల కింది ఉబ్బుకు చల్లటి స్టీలు చెంచా వెనక భాగం నిమిషంసేపు ఆనిస్తే అంతకంటే బాగా దిగుతోంది.