జ్ఞాపకశక్తి యాప్, శిక్షణ తరగతి: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

పదవీ విరమణ తర్వాత రెండు రకాల జ్ఞాపకశక్తి సాధన మొదలుపెట్టాను. ఒకటి ఫోనులో ఆటల యాప్, రెండోది పెద్దవాళ్ల కోసం నడిపే తరగతి. రెండింటితోనూ ఏళ్ల తరబడి సహవాసం చేశాను కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను: యాప్ వల్ల నాకు బాగా వచ్చింది యాప్ ఆడటమే.

కార్డులు తిప్పి జతలు కలపడం, మెరిసి మాయమైన గళ్లను వరసగా చూపించడం వంటి ఆటలవి. స్కోరు ఎగబాకింది, నిజమే. కళ్లజోడు కోసం వెతుకులాట మాత్రం రవ్వంత కూడా తగ్గలేదు. సాధన చేసిన పనిలో నేర్పు పెరుగుతుంది కానీ అది మిగతా పనులకు అంతగా పాకదు. ఈ ఆటలు వయసుతో వచ్చే మతిమరుపును ఆపుతాయని తగిన ఆధారాలు లేకుండా ప్రచారం చేసిందన్న అభియోగంపై, 2016లో ఇలాంటి యాపే నడిపే లుమోసిటీ సంస్థ, తప్పుడు ప్రకటనలపై చర్య తీసుకునే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు 20 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. నేను వాడిన యాప్ వేరొకటి, దానిదీ అదే ధోరణి. పైగా ‘మెదడు వయసు’ అంటూ ఒక అంకె చూపిస్తుంది. నిద్ర చాలని రోజున అది అమాంతం పెరిగి కూర్చుంటుంది. సన్నటి అక్షరాలు, తరుముకొచ్చే గడియారం సరేసరి. చందా రద్దు చేసే బటన్ ఎక్కడుందో కనిపెట్టడమే అందులోని అసలైన బుద్ధిపరీక్ష.

తరగతిలో ఆటలు లేవు, పద్ధతులు నేర్పారు. నాకు పనికొచ్చింది పేర్ల పద్ధతి. ఎదుటివారు పేరు చెప్పగానే దాన్ని ఒకసారి మాటల్లో వాడాలి, ముఖంలో ఒక గుర్తు పట్టుకోవాలి, ఆ రెండింటినీ ఊహలో ముడివేయాలి. భాస్కర్ గారి బట్టతల మీద సూర్యోదయం అన్నమాట. కాస్త మర్యాద తక్కువ పనే, ఆయనకు చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత నిమిషానికి, పది నిమిషాలకు, సాయంత్రం ఒకసారి ఆ పేరును మనసులో తిరిగి తెచ్చుకోవాలి. రాసుకున్నదాన్ని మళ్లీ మళ్లీ చదవడం కన్నా, చూడకుండా గుర్తుచేసుకోవడమే ఎక్కువ నిలుస్తుంది.

ఇంటి గదుల్లో వస్తువులు పెట్టినట్టు ఊహించి జాబితాలు గుర్తుంచుకునే పద్ధతీ నేర్పారు. పనిచేస్తుంది. కానీ అంత శ్రమ ఎందుకు, చీటీ ఉండగా? దానికన్నా, స్టవ్ ఆపుతూ ‘ఆపేశాను’ అని పైకి అనమన్న సలహా వెయ్యి రెట్లు మేలు. మనం మరిచిపోయామనుకునేవాటిలో చాలా వరకు అసలు మనసు పెట్టనివే.

తరగతికీ ఒక పరిమితి ఉంది. సాధన ఆపితే పట్టు సడలుతుంది. విరామం వచ్చినప్పుడల్లా నాకు పేర్లు జారిపోయాయి. అమెరికాలో 65 ఏళ్లు, ఆపై వయసున్న 2,832 మందిపై జరిగిన ‘యాక్టివ్’ అధ్యయనంలో జ్ఞాపకశక్తి శిక్షణ ఫలితం ఐదేళ్ల వరకు కనిపించింది. 2014లో వెలువడిన పదేళ్ల లెక్కల్లో అది మిగల్లేదు. అదే అధ్యయనంలో మరికొందరికి ఇచ్చిన తర్కం శిక్షణ, చూసింది చప్పున గ్రహించే వేగం శిక్షణల ఫలితం మాత్రం నిలిచింది.

చేరేముందు వినికిడి, థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించుకోండి, వాడుతున్న మందుల గురించి డాక్టరును అడగండి. మతిమరుపుకు కారణం అక్కడే దొరకవచ్చు. తెలిసిన దారే తప్పుతుంటే తరగతి కాదు, ముందు వైద్యం. యాప్ చందా నేను ఆపేశాను. తరగతికి మాత్రం మళ్లీ పేరు ఇచ్చాను, పేర్ల పాఠం కోసమే.