పాస్‌పోర్టు రీ-ఇష్యూ: కౌంటర్ల దగ్గర ఇబ్బంది లేదు, చిక్కంతా ఫారంలోనే

పాస్‌పోర్టు గడువు తీరబోతుంటే అందరం 'రెన్యువల్' అనే అంటాం గానీ, పాస్‌పోర్టు శాఖ వెబ్‌సైట్‌లో ఆ పని పేరు 'రీ-ఇష్యూ'. పాత పుస్తకానికి గడువు పొడిగించరు. కొత్త నంబరుతో కొత్త పుస్తకమే ఇస్తారు. పెద్దవాళ్లకు అది పదేళ్లు చెల్లుతుంది. గడువు తీరడానికి ఏడాది ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. చాలా దేశాలు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉంటేనే రానిస్తాయి కాబట్టి, తొమ్మిది పది నెలలు ఉండగానే మొదలుపెట్టాలి.

పాస్‌పోర్టు సేవా కేంద్రాలు నిజంగా బాగా పనిచేస్తున్నాయి. ఎవరి సిఫారసూ అవసరం లేదు, ఏజెంటు అసలే అక్కర్లేదు. ఫైళ్లు ఆగిపోయేది ఎక్కువగా ఇంట్లోనో ఇంటర్నెట్ సెంటర్‌లోనో నింపిన ఫారం వల్ల. అందులోనూ తెలుగువాళ్లకు పేరు దగ్గరే వస్తుంది తంటా.

ఫారంలో 'గివెన్ నేమ్', 'సర్‌నేమ్' అని రెండు గడులుంటాయి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, అదీ చాలాసార్లు ఒక్క పొడి అక్షరంగా. ఇక్కడ పొడి అక్షరాలు పనికిరావు. ఇంటిపేరు పూర్తిగా, సర్‌నేమ్ గడిలోనే రాయాలి. ఆధార్‌లో 'కె. వెంకటరమణ', పదో తరగతి మెమోలో 'కొండపల్లి వెంకట రమణ', పాత పాస్‌పోర్టులో ఇంకో స్పెల్లింగు ఉండటం మనకు మామూలే. మార్పు అక్కర్లేదనుకుంటే పాత పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు, పదాల మధ్య ఖాళీతో సహా, అలాగే దించాలి. మార్చాలనుకుంటే దరఖాస్తులోనే 'వ్యక్తిగత వివరాల్లో మార్పు' అనే కారణం ఎంచుకోవాలి. కేంద్రానికి వెళ్లాక చెబుదాంలే అనుకుంటే ఆ రోజు పని ఆగిపోయే ప్రమాదం ఉంది. కొందరికి పాత పుస్తకంలో పేరంతా గివెన్ నేమ్‌లో పడిపోయి సర్‌నేమ్ ఖాళీగా ఉంటుంది. అమెరికా వీసా కాగితాల్లో అలాంటివాళ్ల గివెన్ నేమ్ 'తెలియదు' అన్నట్టుగా పడి ఏళ్ల తరబడి వెంటాడుతుంది. దాన్ని విడదీయించుకోవడానికి రీ-ఇష్యూయే సరైన సమయం.

గల్ఫ్ వెళ్లేవాళ్లు ఇంకో గడి జాగ్రత్తగా చూడాలి. పాత పాస్‌పోర్టులో ఈసీఆర్ (వలస తనిఖీ అవసరం) ముద్ర ఉంటే, కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్లేముందు వలస అనుమతి తీసుకోవాలి. పదో తరగతి పాసైనవాళ్లకు, ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు, యాభై దాటినవాళ్లకు ఆ ముద్ర అక్కర్లేదు. ఇప్పుడే నాన్-ఈసీఆర్ కోరి, పదో తరగతి ఒరిజినల్ మెమో లాంటి రుజువు వెంట తీసుకెళితే సరిపోతుంది. చాలామంది ఈ గడి చూడకుండా దాటేసి మరో పదేళ్లు ఆ ముద్రతోనే తిరుగుతారు.

చిరునామా సంగతి: ఇప్పుడు ఉంటున్న ఇల్లే రాయాలి. దేశంలో ఎక్కడి నుంచైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు, సొంతూరికి పోనక్కర్లేదు. పోలీసు ఎంక్వైరీ వచ్చేదీ, స్పీడ్ పోస్టు వచ్చేదీ ఫారంలో రాసిన చిరునామాకే. ఊళ్లో అమ్మానాన్నల ఇంటి చిరునామా ఇచ్చి నగరంలో అద్దెకుంటే, ఎంక్వైరీకి వచ్చినప్పుడు మనిషి దొరకడు, ప్రతికూల నివేదిక వెళ్తుంది. ఆ తర్వాత ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం చుట్టూ తిరగాలి.

ఫీజు సాధారణ పద్ధతిలో 36 పేజీలకు 1,500 రూపాయలు, 60 పేజీలకు 2,000. తత్కాల్ అయితే దానిపై మరో 2,000. పాత పుస్తకం పోయినా, పాడైనా 36 పేజీలకు 3,000. జేబులో తడిసి పేరు, ఫొటో చెదిరినవి ఈ ఖాతాలోకే వస్తాయి. డబ్బు ఆన్‌లైన్‌లో కట్టాకే స్లాట్ దొరుకుతుంది. కట్టిన ఫీజు ఏడాది చెల్లుతుంది. సైటు పేరు చివర 'గవ్ డాట్ ఇన్' ఉందో లేదో చూసుకోండి. లేకపోతే అది దొంగ సైటు, ఎక్కువ డబ్బు లాగుతుంది. పెద్ద కేంద్రంలో స్లాట్లు దూరంగా ఉంటే జిల్లా పట్టణాల్లోని పోస్టాఫీసు సేవా కేంద్రాలు కూడా చూడండి, ఒక్కోసారి అక్కడ ముందు దొరుకుతాయి.

వెంట తీసుకెళ్లాల్సినవి తక్కువే. పాత పాస్‌పోర్టు ఒరిజినల్, దాని మొదటి రెండు, చివరి రెండు పేజీల జెరాక్సులు, వాటిలో లేకుంటే ఈసీఆర్ పేజీ, పాస్‌పోర్టు అధికారులు రాసిన పరిశీలన (అబ్జర్వేషన్) ఉంటే ఆ పేజీ కూడా. అన్నిటి మీదా మన సంతకం ఉండాలి. చిరునామా మారితే ఆధార్ లాంటి రుజువు ఒరిజినల్‌తో సహా తీసుకెళ్లాలి. ప్రభుత్వ ఉద్యోగులైతే శాఖకు ముందుగా తెలియజేసిన పత్రం. ఫొటో అక్కర్లేదు, అక్కడే తీస్తారు. నాలుగేళ్లలోపు పిల్లలకు మాత్రం తెల్ల నేపథ్యంతో ఫొటో తీసుకెళ్లాలి.

లోపల మూడు దశలు. 'ఏ' కౌంటర్‌లో టీసీఎస్ అనే ప్రైవేటు కంపెనీ సిబ్బంది కాగితాలు స్కాన్ చేసి, ఫొటో, వేలిముద్రలు తీసుకుంటారు. మనవైపు తిప్పిన తెరమీద వివరాలు కనిపిస్తాయి. మొత్తం పనిలో విలువైన నిమిషం అదే. పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు అక్షరం అక్షరం చదవండి, తప్పుంటే వెంటనే చెప్పండి, తొందరపెట్టినా వదలొద్దు. అక్కడ అడిగే ఎస్సెమ్మెస్ సేవ ఐచ్ఛికం, వద్దంటే వద్దు. 'బీ', 'సీ' కౌంటర్లలో ఉండేది ప్రభుత్వాధికారులు. ఒకరు పత్రాలు సరిచూస్తారు, మరొకరు మంజూరు చేస్తారు లేదా ఆపుతారు. బయటికొచ్చేటప్పుడు ఇచ్చే రసీదులో మంజూరైందో లేదో ఉంటుంది, గేటు దాటకముందే చదవాలి.

పాత పాస్‌పోర్టును రద్దు ముద్ర వేసి తిరిగి ఇచ్చేస్తారు. అందుకే స్లాట్ తేదీకీ కొత్తది చేతికొచ్చే రోజుకీ మధ్య విదేశీ టికెట్టు కొనకూడదు. దాంట్లో గడువున్న అమెరికా వీసా ఉంటే ఆ పేజీ చెడిపోకుండా చూసుకోవాలి, ప్రయాణంలో రెండు పుస్తకాలూ వెంట ఉండాలి.

ఏ వివరమూ మారకుండా, గడువులోపే పెట్టుకున్నవాళ్లకు చాలాసార్లు పోలీసు ఎంక్వైరీ ఉండదు, కొత్తది త్వరగానే వస్తుంది. చిరునామా మారినా, గడువు తీరి మూడేళ్లు దాటినా ఎంక్వైరీ ఉంటుందనే లెక్కతో ఉండాలి. ఇప్పుడిచ్చేవి చిప్ ఉన్న ఈ-పాస్‌పోర్టులు, అట్టమీద బంగారు రంగు గుర్తు ఉంటుంది. పుస్తకాన్ని మడవడం, పిన్ను కొట్టడం చేయొద్దు. స్పీడ్ పోస్టు వాళ్లు దరఖాస్తుదారుకే ఇవ్వాలి, వేరే చిరునామాకు మళ్లించరు. ఇల్లు తాళం వేసి ఉంటే కవరు ప్రాంతీయ కార్యాలయానికే తిరిగిపోతుంది, కాబట్టి 'డిస్పాచ్' అని సందేశం వచ్చిన దగ్గర్నుంచి ఫోను దగ్గర పెట్టుకుని ఊళ్లోనే ఉండండి.