సర్టిఫికెట్ లేకుండా పీఏ స్కూల్ గంటలు: హోమ్ కేర్ ఏజెన్సీలో నా ఎనిమిది నెలలు

డిగ్రీ పూర్తయ్యేసరికి నా మార్కులు బాగానే ఉన్నాయి, పేషెంట్ కేర్ గంటలు, అంటే రోగికి నేరుగా సేవ చేసిన గంటలు మాత్రం సున్నా. అమెరికాలో చాలా పీఏ (ఫిజీషియన్ అసిస్టెంట్, అంటే డాక్టర్లతో కలిసి రోగులకు వైద్యం చేసే ఉద్యోగం) ప్రోగ్రాములు 1,000 గంటలు అడుగుతాయి, కొన్ని 2,000 కూడా. అందుకే సర్టిఫికెట్ అడగని ఒక హోమ్ కేర్ ఏజెన్సీలో కేర్‌గివర్‌గా చేరాను. పేరు రాయను. నా రేటింగ్ 5కి 4.

ఆ నాలుగూ వాళ్ల ట్రైనింగ్‌కే. రెండు రోజులు క్లాసు, తర్వాత మూడు రోజులు ఒక సీనియర్ వెంట ఇళ్లకు పంపారు. మొదటి ఇంట్లో స్ట్రోక్ వచ్చి ఎడమ పక్క పడిపోయిన పెద్దాయన ఉన్నారు. చొక్కా తొడగడానికి నేను కుడి చెయ్యి పట్టుకోగానే నా సీనియర్ ఆపేసింది. "తొడిగేటప్పుడు ముందు పడిపోయిన చెయ్యి, విప్పేటప్పుడు ముందు బాగున్న చెయ్యి" అంది. చేశాక తెలిసింది. బలం లేని చెయ్యి మనం చెప్పినట్టు వంగదు, చొక్కా వదులుగా ఉండగానే దాన్ని ఎక్కించేయాలి. కుర్చీలోకి మార్చడం ఇంకా కష్టం. కుర్చీని ఆయన కుడి పక్కన పెట్టి, బ్రేకులు వేసి, మనం పట్టుకోవడానికి నడుముకి గెయిట్ బెల్ట్ అనే పట్టీ కట్టి, ఆయన ఎడమ మోకాలు మడత పడకుండా నా మోకాలు అడ్డం పెట్టాలి. నెల తర్వాత ఒక ఉదయం స్నానం చేయిస్తుంటే నడుము కింద చర్మం ఎర్రగా కనిపించింది. వేలితో నొక్కినా ఎరుపు పోలేదు. వెంటనే నర్సుకి ఫోన్ చేశాను. పుండు పడకముందే పట్టుకున్నాం. ఆ రోజు ఎంత సంతోషపడ్డానో!

1965లో డ్యూక్ యూనివర్సిటీ పీఏ చదువు మొదలుపెట్టినప్పుడు తీసుకున్నది నేవీలో రోగులను చూసుకుని వచ్చిన కోర్‌మెన్‌ని. గంటలు ఎందుకు అడుగుతారో నాకు ఆ బాత్రూంలో అర్థమైంది.

ఇక పోయిన స్టార్ సంగతి. నాకిచ్చిన డ్యూటీల్లో చాలావాటికి వంట, కారు డ్రైవింగ్, కబుర్లే పని. పీఏ స్కూళ్లకు దరఖాస్తు పెట్టే ఆన్‌లైన్ పోర్టల్ కాస్పాలో పేషెంట్ కేర్ గంటలు వేరు, హెల్త్ కేర్ గంటలు వేరు. వంట చేసిన గంటల్ని పేషెంట్ కేర్‌లో రాయలేం. మొత్తం 1,020 గంటలు చేస్తే నేను ధైర్యంగా రాసుకోగలిగినవి 680. సూపర్‌వైజర్ వివరాలు కూడా కాస్పాలో నింపాలి. నా పనిని పర్యవేక్షించిన నర్సు మానేసి వెళ్లిపోయింది, ఆఫీసు నుంచి కొత్త పేరు రావడానికి ఆరు వారాలు పట్టింది. అన్ని రోజులూ ఒకటే టెన్షన్. ఏ రోజు ఏం చేశానో నోట్‌బుక్‌లో రాసుకోబట్టి బయటపడ్డాను.

వేరే దారులూ ఉన్నాయి. చాలా రాష్ట్రాల్లో క్లినిక్‌లు సర్టిఫికెట్ లేని వాళ్లను కూడా మెడికల్ అసిస్టెంట్‌గా తీసుకుని పని నేర్పిస్తాయి. నర్సింగ్ హోముల్లో ట్రైనింగ్ తీసుకుంటూ నాలుగు నెలల వరకు నర్సు ఎయిడ్‌గా (సహాయకులుగా) చేయొచ్చు, ఆలోపు పరీక్ష పాసవ్వాలి. స్క్రైబ్ పనిని (డాక్టర్ పక్కన ఉండి నోట్స్ రాయడం) మాత్రం చాలా స్కూళ్లు పేషెంట్ కేర్‌గా లెక్కపెట్టవు.

నాలా హోమ్ కేర్‌లోనే చేరాలనుకుంటే ఇంటర్వ్యూలో రెండు విషయాలు అడగండి. వారంలో స్నానం, కుర్చీలోకి మార్చడం లాంటి పర్సనల్ కేర్ ఎన్ని గంటలు ఇస్తారు? నర్సు ఎన్నాళ్లకోసారి ఇంటికి వచ్చి చూస్తుంది? సూటిగా చెప్పకపోతే ఇంకో ఏజెన్సీ చూసుకోండి.