గట్టు మీద క్యాసియో: సీటీ-ఎస్300తో ఒక ఏడాది

మా నార్కట్‌పల్లి దిక్కు ఏ కంపెనీ కీబోర్డునైనా క్యాసియో అనే అంటారు. యమహా వాయించేవాడూ క్యాసియో మాస్టరే, రోలాండ్ వాయించేవాడూ క్యాసియో మాస్టరే. నలభై ఏళ్లు భజనల్లో హార్మోనియం వాయించిన నేను పోయిన మాఘంలో అసలు క్యాసియోనే కొన్నాను, సీటీ-ఎస్300. పన్నెండు వేల చిల్లర అయింది. అప్పటినుంచి ప్రతి అమావాస్యకూ అది నాతో మా దగ్గరి శివుడి గుట్ట చెర్వుగట్టు ఎక్కుతోంది.

కొన్నది బరువు చూసి. నా హార్మోనియం పెట్టెతో కలిపి పది కిలోల పైమాటే. అరవై దాటిన మోకాళ్లతో అది మోసుకొని గుట్టెక్కడం ఇక నావల్ల కాదు. ఇది 3.3 కిలోలు. పట్టుకోవడానికి పిడి దాంట్లోనే ఉంది, సంచిలా చేతబట్టుకొని పోవచ్చు. ఆరు పెన్సిల్ సెల్లులు వేస్తే జాగారం రాత్రి గడిచిపోతుంది.

ఈ కంపెనీ మీద నాకు ప్రేమ పుట్టింది మాత్రం వేరే సంగతి వల్ల. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యాను, ఇక్కడ కొంచెం ఎక్కువ చెబుతాను. టడావో కాషియో 1946లో టోక్యోలో చిన్న కార్ఖానా పెట్టాడు. నలుగురు అన్నదమ్ములూ కలిసి 1957లో రిలేలనే కరెంటు స్విచ్చులతో నడిచే లెక్కల యంత్రం 14-ఏ తెచ్చారు. కాషియో అన్న ఇంటిపేరే క్యాసియో అయింది. వాళ్లలో యంత్రాలు కనిపెట్టే తొషియోకు సంగీతమంటే ప్రాణం. వాద్యం వాయించే ఆనందం అందరికీ అందాలన్నది ఆయన కోరిక. ఏ వాద్యమైనా మోగిన క్షణంలో ఒక తీరుగా, నాదం నిలిచాక ఇంకో తీరుగా వినబడుతుందని ఆయన గమనించాడు. మొదటిదాన్ని హల్లు అన్నాడు, రెండోదాన్ని అచ్చు అన్నాడు. రెంటినీ వేరువేరుగా పుట్టించి కలిపాడు. అలా 1980 జనవరిలో వచ్చిందే మొదటి క్యాసియోటోన్, 201. అందులో 49 మెట్లు (కీలు), 29 వాద్యాల ధ్వనులు.

మన వ్యాకరణంలో అచ్చులు ప్రాణాలు, హల్లులు ప్రాణులు. వీణ తీగె మీటినప్పుడు వినబడే టక్కు హల్లు, దాని వెంట సాగేది అచ్చు. ఇన్నేళ్లు పిల్లలతో గుణింతం దిద్దించినవాణ్ణి, ఈ సంగతి చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఆ తర్వాతి కథ కూడా చిన్నదేం కాదు. 1981 నాటి ఎంటీ-40 అనే చిన్న క్యాసియో కీబోర్డులో హిరోకో ఒకుడా అనే కొత్త ఉద్యోగిని కూర్చిన రాక్ తాళం, 1985లో ఒక జమైకా పాటకు ఆధారమై అక్కడి రెగే సంగీతాన్ని డిజిటల్ దారి పట్టించింది. 1984లో వచ్చిన సీజెడ్-101 అసలు సిసలు సింథసైజర్, అంటే ధ్వనులను తానే కొత్తగా పుట్టించే వాద్యం. తరంగాన్ని చదివే వేగాన్ని ఒక్కో ఆవృత్తంలోనే హెచ్చించి తగ్గించి కొత్త ధ్వనులు పుట్టించేది. అది కూడా బ్యాటరీలతో నడిచేదే. క్యాసియోటోన్ పేరు మళ్లీ 2019లో తిరిగొచ్చింది, నాది ఆ కుదురుదే. 61 మెట్లు, 400 ధ్వనులు, 77 తాళాలు. తాళాల జోలికి నేను పోను. మాకు ఢోలక్ ఉంది, చిడతలున్నాయి.

ఇప్పుడు దీంట్లో ఉన్నవి రికార్డు చేసిన ధ్వనులే. అయినా నేను దీన్ని హల్లు, అచ్చులతోనే తూచాను. సితార్ ధ్వని పెట్టి మెట్టు గట్టిగా నొక్కితే మీటు గట్టిగా వస్తుంది, మెల్లగా నొక్కితే మెత్తగా వస్తుంది. హల్లు మన వేలి మాట వింటుంది. నిలిచిన నాదం సంగతి అట్లా కాదు. హార్మోనియంలో పట్టిన స్వరాన్ని తిత్తితో ఊపిరి పోసి పెంచుతాం, దించుతాం, "శంభో" అన్నప్పుడు ఆ ఓకారం ఉబుకుతుంది. మెట్ల మీది వేలితో ఆ పని కాదు. దానికి బదులు నా ఎడమచేయి ఖాళీ అయింది. తిత్తి ఊదిన చేతితో ఇప్పుడు సా-పా పట్టి ఉంచుతున్నాను, శ్రుతిపెట్టె అక్కర్లేదు. జారుడు గమకాలకు ఎడమవైపు బెండు చక్రం ఉంది. దానికి చేయి అలవాటు కావడానికి రెండు నెలలు పట్టింది.

లోపలి స్పీకర్లు ఇంటికి చాలు. గట్టు మీద మైకుసెట్టుకు కలపాల్సిందే. బయటికి ఉన్నది సెల్‌ఫోన్ ఇయర్‌ఫోన్ పట్టే చిన్న రంధ్రం. మొదటిసారి మైకుసెట్టు తమ్ముడు పెద్ద పిన్ను పట్టుకొని నిలబడ్డాడు. "సారూ, గీ పిన్ను దీంట్ల వట్టది గదా!" అన్నాడు. కొనేవాళ్లు ఆ మార్పిడి వైరు కూడా అదే రోజు కొనుక్కోండి.

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ట్రాన్స్‌పోజ్. మా భజనలో మగవాళ్లు ఒకటిన్నర శ్రుతిలో పాడతారు, ఆడవాళ్లు ఐదులో. వేళ్లు అవే మెట్ల మీద ఉంటాయి, శ్రుతి ఒక్కటే మారుతుంది. తెల్లవారుజామున మూడింటికి మా పెద్దాయన గొంతు అరశ్రుతి దిగుతుంది. మునుపు ఆయనే నా హార్మోనియం దాకా ఎగబాకేవాడు, నరాలు ఉబ్బేవి. ఇప్పుడు పాటకూ పాటకూ నడుమ నేను ట్రాన్స్‌పోజ్‌లో ఒక అంకె, అంటే ఆ అరశ్రుతి, తగ్గిస్తాను. ఆయన కళ్లు తెరవకుండానే తలూపి పల్లవి ఎత్తుకుంటాడు.