తొడ వెనక కండరం చిరిగాక: 14 నెలల మాన్యువల్ థెరపీ

శ్రీకాకుళం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేస్తున్నప్పుడు జరిగింది. 100 మీటర్లు 15 సెకన్లలోపు పరిగెత్తాలి. నాకు అప్పటికి 14.6 వస్తోంది. ఆ రోజు 70 మీటర్ల దగ్గర ఎడమ తొడ వెనక ఎవరో రాయి విసిరినట్టు టప్‌మంది. వెనక్కి తిరిగి చూశాను కూడా, ఎవరూ లేరు. రెండడుగులు కుంటి కూలబడిపోయాను.

మాది ఆమదాలవలస దగ్గర పల్లె. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది మా పక్కనున్న ఊసవానిపేటే. మా వైపు ఆటలాడే పిల్లలకి కొదవ లేదు. దెబ్బ తగిలితే మాత్రం ముందు నూనె రాసేవాళ్ళ దగ్గరికే పరిగెడతాం. నేనూ మర్నాడే మా ఊరి తాత ఒకాయన దగ్గరికి వెళ్ళాను. "కండ పట్టీసింది బాబూ, గట్టిగా రాసీస్తే రెండ్రోజుల్లో పోద్ది" అన్నాడు. మంచి మనిషి, డబ్బు కూడా తీసుకోలేదు. అరగంట బొటనవేళ్ళతో నొక్కి నొక్కి రాశాడు. రాత్రికి తొడ బిగిసిపోయింది. మూడో రోజుకి మోకాలి వెనక దాకా నల్లగా కమిలింది. చిరిగిన కండలో రక్తం ఇంకా కారుతుండగా గట్టిగా రుద్దితే అది మరింత పెరగొచ్చని అప్పుడు నాకు తెలీదు. మొదటి రెండు మూడు రోజులు దాని జోలికి పోకూడదు. గుడ్డ కట్టుకుని, కాలు ఎత్తులో పెట్టుకుని, నొప్పి రానంత మేర కదుపుకుంటే చాలు. గ్రౌండ్‌కి వచ్చే ప్రతి కుర్రాడికీ ఈ మాట ఇప్పటికీ చెబుతూనే ఉన్నాను.

తర్వాత ఒక ఫిజియో దగ్గర 10 సిటింగ్‌ల ప్యాకేజీ కట్టించుకున్నారు. ప్యాడ్‌లు అంటించి 15 నిమిషాలు కరెంటు పెట్టేవారు, అంతే. కాలు ఒక్కరూ ముట్టుకోలేదు, నడిపించి చూడలేదు. నాలుగు సిటింగ్‌లకి మానేశాను.

చివరికి శ్రీకాకుళంలోనే ఇంకో ఫిజియో సార్ దొరికారు. మొదటి రోజు ఆయన మర్దన అసలు చెయ్యలేదు. బోర్లా పడుకోబెట్టి మోకాలు మడవమని, తన చేత్తో అడ్డుపెట్టి రెండు కాళ్ళ బలం పోల్చారు. కూర్చోబెట్టి తల వంచి కాలు చాపమన్నారు. లాగేది నరమా, కండా అని తేల్చుకోవడానికట. వెల్లకిలా పడుకుని కాలు నిటారుగా ఎత్తితే కుడిది 80 డిగ్రీలు వచ్చింది, ఎడమది 45 దగ్గరే ఆగిపోయింది. ఆ అంకె కాగితం మీద రాసి నా చేతిలో పెట్టారు.

ఇక చేతి పని, అంటే మాన్యువల్ థెరపీ. చీలమండల కింద దిండు పెట్టి, దెబ్బ తగిలిన చోటుకి దూరంగా, పిర్ర దగ్గర నుంచీ పిక్క దగ్గర నుంచీ మొదలుపెట్టేవారు. అరచేత్తో నెమ్మదిగా జరుపుకుంటూ వచ్చి గట్టిపడ్డ చోట బొటనవేలు ఆపి, "పదికి ఎంత?" అని అడిగేవారు. నాలుగు దాటితే వెంటనే తగ్గించేసేవారు. ఏడుపు వచ్చేలా నొక్కితేనే పనిచేస్తుందని నమ్మినవాణ్ణి, మొదట్లో నాకు తృప్తిగా అనిపించేది కాదు. ఆ తర్వాత కాలు ఎత్తి మడమని తన భుజం మీద ఆనించి, ఆరు సెకన్లు కిందికి నెట్టమనేవారు. వదలగానే కాలు ఇంకాస్త పైకి లేచేది. ఇలా చేసిన మొదటి సిటింగ్‌లోనే 45 కాస్తా 58 అయింది. బస్సులో కూర్చుంటే సలిపే నొప్పి ఆ రోజు లేదు.

మర్నాడు సాయంత్రానికి మళ్ళీ బిగిసింది. నాకు చాలా దిగులేసింది. సార్ దాచకుండా చెప్పారు: చేతులతో కండ పొడవు పెరగదు, చిరిగింది అతకదు. నొప్పి తగ్గి, సాగదీతని శరీరం కొన్ని గంటలు ఒప్పుకుంటుంది, ఆ గంటల్లో వ్యాయామం చేసుకోవాలి. అందుకే ప్రతిసారీ 20 నిమిషాలు చేతి పని అయితే 25 నిమిషాలు నాతో పని చేయించేవారు. మొదట కదలకుండా మడమ నేలకి నొక్కడం, తర్వాత పడుకుని నడుము ఎత్తడం, ఆఖరున మోకాళ్ళ మీద నిలబడితే ఎవరో చీలమండలు పట్టుకోగా ఒళ్ళు మెల్లగా ముందుకు వాల్చడం. ఈ మూడోది ఇంట్లో మా తమ్ముడు పట్టుకునేవాడు.

ఏడో వారంలో నొప్పి లేదు కదా అని సార్‌కి చెప్పకుండా ఫుల్ స్పీడ్‌లో పరిగెత్తాను. అదే చోట మళ్ళీ పట్టేసింది. తప్పు పూర్తిగా నాదే. నొప్పి పోవడం వేరు, బలం రావడం వేరు. ఈ కండరం మళ్ళీ చిరగడం ఎక్కువగా ఆటకి తిరిగొచ్చిన మొదటి వారాల్లోనే జరుగుతుందట. సార్ కోప్పడలేదు, కాగితం తీసి మళ్ళీ అంకెలు రాశారు.

మొత్తం 35 సిటింగ్‌లు, ఒక్కోటి 300 రూపాయలు, అంటే 10,500. మాకు అది పెద్ద మొత్తమే. అయినా వారానికి రెండు నుంచి పక్షానికి ఒకటికి, తర్వాత నెలకి ఒకటికి తగ్గించింది ఆయనే. ముందే 10 సిటింగ్‌లకి కట్టించుకున్న చోటుతో పోల్చుకుంటే, నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఇక్కడే. ఇప్పుడు ఎడమ కాలు 75 వస్తుంది, 100 మీటర్లు 14.3లో పరిగెత్తాను. విశాఖ దాకా బస్సులో కూర్చుంటే ఇంకా కాస్త లాగుతుంది.

ఒక జాగ్రత్త. పిక్క ఒక్కటే వాచి వేడిగా ఉన్నా, జ్వరంతో పాటు నొప్పి ఉన్నా, కాలు తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నా ఎవరి చేతా నొక్కించుకోకుండా ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. పిక్కలో రక్తం గడ్డ కట్టి ఉంటే మర్దన ప్రాణం మీదకి తేవచ్చు.

పోయిన నెల సిటింగ్ అయ్యాక చెప్పులు వేసుకుంటుంటే సార్ అన్నారు: "ఇంక నెలనెలా రానక్కర్లేదు. నొప్పి వస్తే ఫోన్ చెయ్యి." ఆ అంకెల కాగితం ఇంటికి తెచ్చుకున్నాను. మా తమ్ముడు ఇప్పటికీ వారానికి రెండుసార్లు చీలమండలు పట్టుకుంటున్నాడు.